నన్ను నడిపించిన బండి

ప్రేరణార్థక క్రియ అంటే ఏమిటో ఇరవై ఏళ్ళుగా పిల్లలకు చెబుతున్నాను. తిను, తినిపించు. చదువు, చదివించు. నడుచు, నడిపించు. పని చేసేది ఒకరు, చేయించేది ఇంకొకరు. బోర్డు మీద ఇద్దరు మనుషుల బొమ్మలు గీసి, ఒకరి నుంచి ఇంకొకరికి బాణం గుర్తు పెట్టి మరీ చూపిస్తాను. అట్లాంటి నాతో జహీరాబాదులో ఒక మెకానిక్కు, స్పానరుతో వీపు గోక్కుంటూ, "మాస్టర్‌సాబ్, గీ బండి మిమ్మల్ని మస్తు నడిపిస్తది" అన్నాడు. నేను దాన్ని ఆశీర్వాదంగా తీసుకున్నాను. దారి చూపించేది, ముందుకు తీసుకుపోయేది అని ఏదేదో ఊహించుకుని, ఆ మాట విన్నాకే బండి ఖాయం చేశాను. పది రోజులు తిరక్కుండా కోహీరు దారిలో, నడినెత్తిన ఎండలో, దున్నపోతంత ఇనుప బండిని తోసుకుంటూ పోతున్నప్పుడు తెలిసింది. ఆయన చెప్పింది వేదాంతం కాదు, వ్యాకరణం. కర్త బండి. నడిచేది నేను.

తెలుగు పంతులుకు తెలుగు అర్థం కాకపోవడం ఒక తెలివితక్కువతనం. అది మొదటిది కూడా కాదు. అసలు రెండో బండి కొనాలనుకున్న సంగతి చాయ్ హోటల్లో పదిమంది ముందు చెప్పడం దానికన్నా ముందు చేసిన తప్పు. కొంచెం వెనక నుంచి చెబుతాను.

నా మొదటి బండి నూరు సీసీది. దాని అసలు రంగు ఆర్సీలో తప్ప ఇంకెక్కడా కనపడదు. న్యాల్‌కల్ మండలంలో ఉన్న మా బడికి పోయేటప్పుడు కొంత దూరం ఎర్రమన్ను, కొంత దూరం నల్లరేగడి. ఎండాకాలం ఒక రంగులో, వానాకాలం ఇంకో రంగులో ఉండేది పాపం. దానికి నేను ఓనరును. ఓనరు అంటే పెట్రోలు పోయించేవాడు. తిరిగేవాడు మా బావ.

బావ అంటే మా అక్క భర్త. మా గల్లీలోనే నాలుగిళ్ళ అవతల ఉంటాడు. అల్లం వ్యాపారం. బడి ఉన్న రోజుల్లో సాయంత్రం వస్తాడు. సెలవు రోజుల్లో అయితే పొద్దున, నేను నోట్లో బ్రష్షు పెట్టుకుని వాకిట్లో నిలబడ్డ సమయం చూసుకుని మా గేటు చప్పుడవుతుంది.

"ఏం బామ్మర్ది, జర బండి ఇయ్యి. గిట్ల పోయి గట్ల వస్త."

నోటినిండా నురగ ఉన్నవాడు 'ఇయ్యను' అనలేడని ఆయనకు బాగా తెలుసు. తల ఊపితే అది 'తీసుకపో' అయ్యేది. ఇక ఆ 'గిట్ల'కూ ఆ 'గట్ల'కూ మధ్య ఎంత దూరం ఉంటుందో ఏ వ్యాకరణంలోనూ లేదు. ఒక్కోసారి ఆ సందులో రాయికోడ్ ఉండేది. ఒకసారి ఏకంగా బీదర్ పట్టింది.

ఆయనకు సొంత బండి లేక కాదు. ముత్యం రంగు స్కూటరు ఉంది, కొత్తది. దాని మీద వెండి రంగు కవరు కప్పి, కవరుకు తాడు కట్టి, వాకిట్లో పెళ్ళికూతురిలా నిలబెట్టుకున్నాడు. "అల్లం బస్తాలేస్తే సీటు ఖరాబైతది బామ్మర్ది" అంటాడు. నా బండి సీటు ఖరాబయ్యే పుట్టినట్టు.

తిరిగొచ్చిన బండిలో పెట్రోలు రిజర్వులో ఉండేది. సీటు నుంచి అల్లం వాసన వచ్చేది. బడిలో పిల్లలు నన్ను అల్లంత దూరం నుంచే గుర్తుపట్టేవాళ్ళు. నా వెనక నన్ను 'అల్లం సారు' అంటారని నాకు తెలుసు; తెలియనట్టు హాజరు పిలిచేవాణ్ణి. ఇవన్నీ ఒక ఎత్తు, అద్దాలు ఒక ఎత్తు. మా బావ నాకంటే జానెడు పొడుగు. బండి ఎక్కగానే రెండద్దాలూ తన చూపుకు తిప్పుకుంటాడు. దిగేటప్పుడు అట్లే వదిలేస్తాడు. మర్నాడు బడికి పోతూ అద్దంలో చూస్తే వెనక వచ్చే లారీ కనపడదు, ఆకాశం కనపడుతుంది. హారన్ వినిపిస్తుంది, మబ్బులు కనిపిస్తాయి. పై నుంచి పిలుపు వచ్చిందేమో అని గుండె ఆగినంత పనయ్యేది.

'ఇయ్యను' అని ఒక్కసారి చెప్పొచ్చు కదా అంటారు. బావను కాదంటే అక్కను కాదన్నట్టే. పద్యంలో భావం ప్రధానం అని క్లాసులో చెబుతాను. మా ఇంట్లో బావ ప్రధానం. తేడా ఒక్క ఒత్తే. ఒత్తిడంతా నాది.

బడి నుంచి వచ్చే దారిలో, ఒకచోట కంది చేల మధ్యకు ఎర్రటి బాట ఒకటి వంపు తిరిగి పోతుంది. అది ఎక్కడికి పోతుందో నాకు తెలియదు. అన్నేళ్ళుగా రోజుకు రెండుసార్లు దాని పక్కనుంచి పోతూ, ఒక్కసారి కూడా బండి తిప్పలేదు. పొద్దున బెల్లు ఆపేది, సాయంత్రం హ్యాండిలుకు వేలాడే కూరగాయల సంచి ఆపేది. ఒక ఆదివారం ఏ పనీ పెట్టుకోకుండా, సంచి లేకుండా, ఆ బాట మీద పోవాలని నిశ్చయించుకున్నాను. చొక్కా కూడా ఇస్త్రీ చేసుకున్నాను. గేటు చప్పుడైంది.

ఆ ఆదివారం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఇంట్లో కూర్చుని, రెండో బండి కొనాలని తీర్మానించాను. మొదటిది ఊరికి, రెండోది నాకు. మళ్ళీ అదే రకం కొంటే బావకు రెండు బండ్లవుతాయి తప్ప నాకు ఒక్కటీ కాదు. కాబట్టి వేరే రకం కావాలి. ఎక్కితే వేరే మనిషినైనట్టు ఉండాలి.

"రెండోది ఎందుకు సారూ?" అని మా ఆవిడ అడిగింది. నా మీద నమ్మకం సన్నగిల్లినప్పుడు నన్ను సారు అంటుంది.

"మనసు కోసం."

"మనసు మీద ఎంతమంది కూసోవచ్చు?"

ఆ ప్రశ్నకు జవాబు ఆలోచిస్తూ చాయ్ హోటల్‌కు పోయి, అక్కడ నోరు జారాను. చాయ్ చల్లారేలోపు పదిమంది పది బండ్లు చెప్పారు. అందరూ అడిగింది ఒక్కటే: "మైలేజీ ఎంతిస్తది సార్?" మైలేజీలోని ఏజు నాకెలాగూ వచ్చేసింది, ఇక తిరగాల్సింది మైళ్ళే అన్నాను. ఎవరూ నవ్వలేదు. నేను ఇంటికి చేరేసరికి వార్త నాకన్నా ముందే చేరింది. మా గేటు దగ్గర బావ నిలబడి ఉన్నాడు.

"షోరూముకు నేను గూడ వస్త బామ్మర్ది. నీకు తెల్వదు, వాళ్ళు మాటలు చెప్పి అంటగడ్తరు."

అట్లా మా ఆవిడ, బావ, నేను బయల్దేరాం. పెళ్ళిచూపులకు పోయినా అంతమందే పోతారు.

మొదట చూపించింది ముందుకు వంగి నడిపే బండి. కోపమొచ్చిన మిడతలా ఉంది. ఎక్కి కూర్చుంటే, ఆలుగడ్డలు ఏరే కూలోళ్ళు చేలో వంగినట్టు వంగాల్సి వచ్చింది. వాళ్ళకు సాయంత్రానికి గంపలో ఆలుగడ్డలన్నా మిగులుతాయి, నాకు నడుంనొప్పే. వెనక సీటు ఎత్తుగా, అరచేయంత ఉంది. మా ఆవిడ దాన్ని వేలితో తట్టి, "ఇది సీటా, పీటా?" అంది.

షోరూము అబ్బాయి మర్యాదగా, "మేడం, ఇది యూత్ బండి" అన్నాడు.

"మరి ఈయననెందుకు ఎక్కించిన్రు?"

నేను దిగడానికి ప్రయత్నించాను. వంగిన నడుము వంగినట్టే ఉండటంతో, కాసేపు ఆ అబ్బాయికి నమస్కారం పెడుతున్నట్టు కనిపించి ఉంటాను.

రెండోది గుట్టలెక్కే బండి. దాన్ని ఎక్కడానికే నాకొక గుట్ట కావాల్సి వచ్చింది. తీరా ఎక్కాక ఎడమ కాలు ఆనిస్తే కుడికాలు గాల్లో, కుడికాలు ఆనిస్తే ఎడమకాలు గాల్లో.

"కాన్ఫిడెన్స్ ఉంటే హైట్ ప్రాబ్లం కాదు సార్" అన్నాడు అబ్బాయి.

"కాన్ఫిడెన్స్ ఉంది బాబూ. కాళ్ళే చాలడం లేదు."

నేను దిగీ దిగకముందే బావ ఎక్కాడు. ఆయన రెండు పాదాలూ నేల మీద దోసెల్లా పరుచుకున్నాయి. వెనక్కి తిరిగి, సామాను కట్టుకునే ఇనుప జాలీని చేత్తో ఊపి చూశాడు. ఆయన ముఖంలో వెలుగు చూసి నాకు భయం వేసింది.

"గిది మంచిగున్నది బామ్మర్ది! రెండు బస్తాలు ఆరాంగ పడ్తయ్. గిదే తీస్కో."

నా కాళ్ళు అందుకోలేని నేలను నా గుండె వెంటనే అందుకుంది.

మూడోది కరెంటు బండి. స్టార్ట్ అయిందో లేదో అడిగి తెలుసుకోవాల్సినంత నిశ్శబ్దం. దీనికి చప్పుడే లేదే అని నేను నీళ్ళు నములుతుంటే బావ నా భుజం తట్టాడు. "చప్పుడు లేకుంటే ఏమైతది? మంచిదే గద. పొద్దుగాల్నే తీస్కపోయినా నీ నిద్ర ఖరాబ్ గాదు."

ఆయన అందులో ఏ వెటకారమూ కలపలేదు. నిజంగానే నా నిద్ర గురించి ఆలోచించాడు. అదే నన్ను కుంగదీసింది. నేను బండి ఎంచుకోవడం లేదు. బావకు రెండో బండి ఎంచిపెడుతున్నాను. నా ఆదివారం ఇంకా ఆయన బస్తా కిందే ఉంది.

నా మొదటి బండిని బాగుచేసే మెకానిక్కును ఊరంతా ఉస్తాద్ అంటుంది. తెల్లగడ్డం, మాసిన టోపీ, వేలి సందుల్లో ఎన్నడూ పోని గ్రీజు. బండి తీసుకుపోతే సీటు వాసన చూసి, "బావ్‌సాబ్ ఖైరియత్‌గున్నరా?" అని ముందు ఆయన క్షేమం అడుగుతాడు. ఆ సాయంత్రం నేను ఆయన పక్కన బల్ల మీద కూర్చుని నా కష్టం చెప్పుకున్నాను.

"ఉస్తాద్, మా బావ అడగని బండి ఒకటి కావాలె."

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "అడగని బండి దునియాల ఉండది మాస్టర్‌సాబ్. అడిగి తీస్కపోయినా పనికిరాని బండి ఒకటి ఉన్నది."

దుకాణం వెనక రేకుల షెడ్డులో గోనె సంచులు తీసి చూపించాడు. పాతకాలపు పెద్ద బండి. పొట్ట నిండిన ట్యాంకు, గుండ్రటి దీపం, దీపం నెత్తిన ఒక చిన్న ముల్లు ఉన్న మీటరు. మా వైపు పాతవాళ్ళు ఫట్‌ఫటీ అంటారే, అట్లాంటిది. కోహీరు దగ్గర ఒక పెద్దమనిషిది. మోకాళ్ళ నొప్పులొచ్చి ఎవరికన్నా అప్పజెప్పమన్నాడట. ఉస్తాద్ ఏదో నొక్కాడు, ఏదో తిప్పాడు, నిదానంగా ఒక్క తన్ను తన్నాడు.

డుగ్. డుగ్. డుగ్.

ఒక చప్పుడుకూ ఇంకో చప్పుడుకూ మధ్య, పద్యం చదివేవాడు యతి దగ్గర ఊపిరి తీసుకునేంత చోటుంది. నా నూరు సీసీ బండి ఎప్పుడూ వచనమే, అదీ ఫుల్‌స్టాప్ లేకుండా. నేను అక్కడే పడిపోయాను.

ఉస్తాద్ మాత్రం నిజాయితీగా అన్నీ చెప్పాడు. అబద్ధమాడితే బాగుండేది. "గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. మీ బండికి పూరా ఉల్టా."

"ఉర్దూ కుడి నుంచి రాస్తరు కద ఉస్తాద్. నేర్చుకుంటే అదే వస్తది."

"రాసుడు వేరు సాబ్, ఆపుడు వేరు" అని నవ్వాడు. తర్వాత స్టార్ట్ చేసే పద్ధతి చూపించాడు. ఎడమ చేతి కింద ఒక చిన్న లివరు. దాన్ని పట్టుకుని, కిక్కును మెల్లగా నొక్కుతూ పోతే మీటరు ముల్లు నడిమధ్యకు వస్తుంది. అప్పుడు లివరు వదిలి, పైనుంచి ఒక్క తన్ను. "నిదానంగ అడగాలె. మీరు జోరు చేస్తే అది గూడ జోరు చేస్తది." అంతా చెప్పి, చివర్న ఆ మాట అన్నాడు. మస్తు నడిపిస్తది.

కొన్నాను.

బండి చూడటానికి బావ వచ్చాడు. చుట్టూ తిరిగాడు. "ఏం బామ్మర్ది, అందరు బండి కొంటరు, నువ్వు ముసలి బర్రెను కొన్నవ్?" అని పెద్దగా నవ్వాడు. గల్లీ కూడా నవ్వింది. నవ్వుతూనే వెనక సీటును అరచేత్తో నొక్కి చూసి, "బస్తా అయితే పడ్తది" అన్నాడు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

తర్వాతి నెల గురించి ఎంత తక్కువ చెబితే నా పరువు అంత మిగులుతుంది. కిక్కు కోసం కొన్నాను, కిక్కులే మిగిలాయి. పొద్దున లేచాక నేను దాన్ని తంతానో, అది నన్ను తంతుందో ముందుగా తెలిసేది కాదు. ఒకరోజు సరదా పడి బడికి తీసుకుపోయాను. గేటు దగ్గర హెడ్మాస్టరు నిలబడి ఉన్నాడు. ఆగుదామని కుడికాలు నొక్కాను. అది గేరు. బండి ఉత్సాహపడింది. నేను హెడ్మాస్టరుకు నమస్తే పెట్టి, గేటు దాటి, ఊరు దాటి, ఎడమకాలు గుర్తొచ్చిన చోట ఆగాను. తిరిగి వచ్చేసరికి ఫస్టు పీరియడ్ అయిపోయింది. "ఎక్కడికి పోయినవ్ సారూ?" అన్నాడు హెడ్మాస్టరు. "గిట్ల పోయి గట్ల వచ్చిన సార్" అన్నాను. ఆ తర్వాత బడికి పాత బండే. దాని మీద ఎక్కితే కాళ్ళు కొత్త బండి పాఠం అప్పజెప్పేవి. రెండు బండ్లకు నా రెండు కాళ్ళు చాల్లేదు.

కోహీరు దారిలో తోసుకుంటూ నడిచిన రోజు జామకాయలమ్మే ఒక ముసలమ్మ చెట్టు నీడ నుంచి అడిగింది. "సారూ, బండి ఉన్నది గద, నడుస్తున్నవెందుకు?"

"నేను నడుస్తలేనమ్మా, ఇది నడిపిస్తున్నది."

ఆమె నన్ను జాలిగా చూసి ఒక జామకాయ చేతిలో పెట్టింది. ఉప్పు కూడా వేసింది.

ఉస్తాద్ ఏదో గొట్టం విప్పి, ఊది, బిగించాక అది దారికి వచ్చింది. నిజం చెప్పాలంటే నేనే దారికి వచ్చాను. తొందరపెట్టకూడదని నేర్చుకున్నాను. ఒక ఆదివారం పొద్దున, లివరు పట్టి, ముల్లు మధ్యకు తెచ్చి, ఒక్క తన్ను తన్నితే బండి లేచింది. ఆ ఎర్ర బాట మీదకు తిప్పాను. కంది పూత పసుప్పచ్చగా ఉంది. మెల్లగా పోతున్నందుకు నన్ను ఎవరూ తిట్టలేదు. బండి చప్పుడుకు కంది కొమ్మల మీది పిట్టలు కూడా తాపీగా లేచాయి. ఇంతకీ ఆ బాట ఎక్కడికి పోతుందంటే, ఒక బోరు మోటారు దగ్గరికి పోయి ఆగిపోతుంది. అంతే. అక్కడ దిగి, మోటారు నీళ్ళతో ముఖం కడుక్కుని, ఒక గంట ఊరికే కూర్చుని వచ్చాను. అన్నేళ్ళలో నాకోసం నేను చేసిన ప్రయాణం అదొక్కటే. వచ్చేటప్పుడు అద్దంలో చూస్తే నా వెనక రోడ్డు, రోడ్డు మీద నా దుమ్ము ఉన్నాయి. మబ్బులు లేవు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం అదే పని. ఆ సుఖం ఎన్నాళ్ళు? ఒక శనివారం మొదటి బండి క్లచ్చు వైరు తెగి ఉస్తాద్ దగ్గర ఆగిపోయింది. ఆదివారం పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని బయటికి వచ్చేసరికి గేటు దగ్గర బావ. పక్కన బస్తా.

"నీ పాత బండి ఏది బామ్మర్ది?"

చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. ఆ క్షణంలో నాకు మా ఎర్ర బాట, కంది పూత, మోటారు నీళ్ళు అన్నీ కళ్ళముందు తిరిగాయి.

"ఏం జేస్తం, గీ బర్రెనే ఇయ్యి మల్ల. గిట్ల పోయి గట్ల వస్త."

నోట్లో నురగ లేదు. 'ఇయ్యను' అనడానికి అన్ని సౌకర్యాలూ ఉన్నాయి. అయినా చెయ్యి తాళంచెవి ఇచ్చేసింది. లివరు సంగతి చెబుదామనుకున్నాను. అడిగితే చెబుదాంలే అనుకున్నాను. తెలివైన పిల్లవాడు సందేహం వస్తే అడుగుతాడు కదా.

బావ బస్తాను పక్కన పెట్టి, లుంగీ పైకి కట్టి, తన్నాడు. బండి కదలలేదు. పది తన్నులయ్యాక మా ఆవిడ గడప దగ్గరికి వచ్చింది.

"అన్నా, చాయ్ పెట్టాల్నా?"

"వద్దమ్మ, పోతున్న. ఇగో, అయిపాయె."

ఇరవై అయ్యాయి. ఎదురింటివాళ్ళు పేపరు మడిచి బయటికి వచ్చారు.

"అన్నా, చాయ్?"

"ఏమన్న చెయ్యాల్నా బామ్మర్ది దీన్కి?"

ఇదిగో, అడిగాడు. నేను నిజమే చెప్పాను. "ఏం లేదు బావా. నిదానంగ అడగాలె. పాతకాలం బండి, జర మర్యాద ఎక్కువ."

"బండికి మర్యాదేందివయ్య!" అని ఆయన బలమంతా పెట్టి తన్నాడు. అది కూడా తన బలం చూపించింది. కిక్కు వెనక్కి కొట్టింది. కాలికి ఏమీ కాలేదు గానీ చెప్పు ఎగిరి మా మందార చెట్టులో చిక్కుకుంది. గల్లీ మొత్తం ఒక్కసారిగా పేపరు చదవడం మొదలుపెట్టింది. బావ అల్లం బస్తా మీద కూలబడ్డాడు.

"చాయ్ తే అమ్మ" అన్నాడు.

నేను చెట్టు నుంచి చెప్పు దులిపి తెచ్చి ముందు పెట్టాను. ఆయన చాయ్ ఊదుకుంటూ నా వైపు చూశాడు. "నువ్వు దీన్ని రోజు గిట్లనే తంతున్నవా బామ్మర్ది?"

"రోజు కాదు బావా. ఆదివారం ఆదివారం."

ఆయన మిగిలిన చాయ్ ఒక్క గుక్కలో తాగేశాడు. బస్తా భుజానికెత్తుకుని ఇంటికి పోయి, వెండి రంగు కవరు తాడు విప్పాడు. సీటు మీద పాత దుప్పటి, దాని మీద ఇంకో దుప్పటి పరిచి, అల్లం బస్తా ఎక్కించి, ముత్యం రంగు స్కూటరు మీద కోహీరు పోయాడు. ఆయన మలుపు తిరిగేదాకా ఆగి, అప్పుడు లివరు పట్టాను. ఒక్క తన్నుకే లేచింది. ఆ తన్నేదో ఆయన ఎదుటే తన్నొచ్చు, కానీ అంత ధైర్యం నాకు లేదు.

దానితో మా బావ మారిపోయాడని రాస్తే కథ బాగుంటుంది. క్లచ్చు వైరు వేయించిన మర్నాడే గేటు చప్పుడైంది. పాత బండి పాత పద్ధతిలోనే పోయింది. స్కూటరు కవరులోకి పోయింది. నా ఆదివారం మాత్రం నాకు దక్కింది. అంతటితో తృప్తిపడి ఊరుకోవచ్చు. మామూలుగా నేను ఊరుకునే మనిషినే. కానీ ఒకరోజు బడికి పోతూ అద్దంలో మళ్ళీ మబ్బులు చూశాను. ఒక లారీ నా మోచేతి వెంట్రుకలు దువ్వి మరీ పోయింది.

ఆ ఆదివారం బ్రష్షు నోట్లో పెట్టుకోకుండా, ముఖం కడుక్కుని, నేనే బావ గేటు చప్పుడు చేశాను. ఆయన వాకిట్లో పళ్ళు తోముకుంటున్నాడు.

"బావా, జర బండి ఇయ్యి. గిట్ల పోయి గట్ల వస్త."

ఆయన కళ్ళు స్కూటరు వైపు పోయాయి. నురగ మింగి, "నీకు రెండున్నయ్ గద బామ్మర్ది!" అన్నాడు.

"ఒకటి నీ కోసం ఆపిన. ఇంకోటి దాని ఇష్టం."

ఆయన ఇంకేదో అనబోయాడు. లోపలి నుంచి మా అక్క గొంతు వచ్చింది. "ఇయ్యరాదు, నా తమ్ముడేనాయె. ఎన్నడన్న అడిగిండా?"

అక్క మాట ఎటు నుంచి వచ్చినా బరువు ఒకటే అని ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది. కవరు తాడు విప్పడానికి చాలాసేపు పట్టింది. ముడి మీద ముడి ఉంది.

రాయికోడ్ దాకా పోయాను. పని ఏమీ లేదు. స్కూటరు మెత్తగా, సోఫా మీద కూర్చుని పెళ్ళికి పోతున్నట్టు ఉంది. గేర్లు లేవు, తన్నులు లేవు, కాళ్ళకు ఏ పనీ లేక రెండూ ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. అక్కడ ఒక చాయ్ తాగి వెనక్కి తిరిగాను. పెట్రోలు రిజర్వుకు దించాలని పోయేటప్పుడే అనుకున్నాను. బంకు కనపడగానే చెయ్యి దానంతటదే ఇండికేటర్ వేసింది. ట్యాంకు నింపించాను. నా ప్రతీకారాలు ఇట్లాగే ఉంటాయి.

స్కూటరును బావ వాకిట్లో ఎక్కడిదక్కడ నిలబెట్టాను. దుమ్ము తుడిచాను. కవరు కప్పి, తాడు కట్టాను. ముడి మీద ముడి కూడా వేశాను. తాళంచెవి అక్క చేతికిచ్చి ఇంటికి వచ్చాను. అద్దాలు మాత్రం, ఆయనకంటే జానెడు పొట్టివాణ్ణయిన నా చూపుకు ఎట్లా తిప్పుకున్నానో అట్లే వదిలేశాను.

ఆ వారంలోనే ఒక పొద్దున, ఎవరి నిశ్చితార్థానికో అక్కను ఎక్కించుకుని, బావ స్కూటరు గల్లీలోకి తీశాడు. నేను వాకిట్లో బ్రష్షుతో ఉన్నాను. బండి మా గేటు దాటి రెండు గజాలు పోయి ఆగింది.

"ఏంది గిది? ఎన్క లారీ లేదు, రోడ్డు లేదు, అద్దంల అంత నా పొట్టనే కనవడ్తున్నది!"

నవ్వితే నురగ కారుతుందని గోడ వైపు తిరిగి, మంచిగా, నిదానంగా, చివరి పన్ను దాకా తోముకున్నాను.